మూడో షెడ్డు

“ఆ రిపోర్టు వెనక్కి తీసేసుకో. అంతే. ఇంకో మాట లేదు.”

తల్లి కుట్టుమిషను ఆపకుండానే అంది. బడిపిల్లల నీలం యూనిఫారాలు ఆమె పక్కన బల్ల మీద గుట్టగా పడి ఉన్నాయి.

“వెనక్కి తీసుకోవడానికి అదేమైనా షాపులో కొన్న చెప్పులా అమ్మా? సైజు సరిపోలేదని ఇచ్చెయ్యడానికి?”

“నా దగ్గర వెటకారాలు వద్దు గువ్వా. ముందు గదిలోకి వెళ్లి చూడు. ఆ మనిషి ఎలా అయిపోయాడో ఒక్కసారి చూడు.”

గువ్వ చూడలేదు. చూడకపోయినా తెలుసు. తండ్రి ఏడింటికల్లా స్నానం చేసి, కంపెనీ చొక్కా తొడుక్కుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంటాడు. వెళ్లడానికి మాత్రం చోటు లేదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో జ్వరం వచ్చినా మానని స్టోర్‌కీపరు. మూడు రోజుల కిందట జనరల్ మేనేజరు ఆయన్ని తన గదికి పిలిపించి, నలభై పేజీల కాగితాల కట్ట బల్ల మీద పడేసి, “ఇది రాసింది మీ అమ్మాయేనటగా?” అన్నాడు. మళ్లీ కబురు పెట్టేదాకా ఇంటి పట్టునే ఉండమన్నాడు.

అప్పటి నుంచి ఆయన ఇంట్లో మాట్లాడింది నాలుగే మాటలు. అవీ ‘ఆకలి లేదు’ అన్న రెండు మాటలే, రెండుసార్లు.

“నేనేమైనా కథ అల్లానా అమ్మా? వాళ్లు అచ్చేసిన లెక్కలే కదా తీసుకున్నది!”

అది నిజమే. యూనివర్సిటీలో ఫైనాన్స్ చివరి ఏడాది చదివేవాళ్లు ప్రతి ఒక్కరూ షేర్ మార్కెట్లో ఉన్న ఒక కంపెనీని తీసుకుని, దాని అసలు విలువెంతో తేల్చి రిపోర్టు రాయాలి. క్లాసులో మిగతావాళ్లు బ్యాంకులనీ, సాఫ్ట్‌వేర్ కంపెనీలనీ ఎంచుకున్నారు. గువ్వ మాత్రం తండ్రి పనిచేసే పంపుల ఫ్యాక్టరీని ఎంచుకుంది. మొదటి పేజీ మీద ఫ్యాక్టరీ గేటు ఫొటో చూస్తే ఆయన మురిసిపోతాడనుకుంది.

మూడో వారానికి ఆ సంబరం ఆవిరైపోయింది. ఐదేళ్లుగా ఫ్యాక్టరీ అమ్మకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అమ్ముడుపోని సరుకు మాత్రం ఏటికేడాది పెరుగుతోంది. ఆ సరుకు విలువ వల్లే పుస్తకాల్లో లాభం కనిపిస్తోంది. ఒక్కో పంపు పెట్టె ఎంతుంటుందో కంపెనీ క్యాటలాగులో ఉంది. మూడు షెడ్ల కొలతలూ వార్షిక నివేదికలో ఉన్నాయి. లెక్క కడితే, కప్పుకి తగిలేలా పేర్చినా అంత సరుకు ఆ షెడ్లలో పట్టదని తేలింది. ఆ మాటే రాసింది.

రిపోర్టు చదివిన ప్రొఫెసరు దాన్ని ఒక ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీకి పంపింది. వాళ్లు గువ్వకి ఎనలిస్టు ఉద్యోగం ఖాయం చేశారు. తమ దగ్గరున్న ఆ ఫ్యాక్టరీ షేర్లన్నీ అమ్మేశారు. ధర పడిపోయింది. ఎందుకు పడిందని ఫ్యాక్టరీవాళ్లు కూపీ లాగితే రిపోర్టు బయటపడింది. దాని మీద ఉన్న ఇంటిపేరూ తమ స్టోర్‌కీపరు ఇంటిపేరూ ఒకటే.

“సరుకు లెక్క రాసేది మీ నాన్న,” అంది తల్లి. “ఆ సరుకు లేదని నువ్వు రాశావు. అంటే ఏమైనట్టు? మీ నాన్న దొంగ అనేగా?”

“నేనలా రాయలేదు.”

“రాయక్కర్లేదే. చదివినవాళ్లకి తెలిసిపోతుంది. పదో క్లాసు తప్పినదాన్ని, నాకే తెలిసింది.”

మిషను ఆగింది. తామన్న ప్రతి మాటా ముందు గదిలోకి వినబడుతుందని ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ఆ గదిలోంచి కుర్చీ కదిలిన చప్పుడు కూడా రాలేదు.

*

తొమ్మిదింటికి బాబాయి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే మాట అందుకునే మనిషి, ఇవాళ లోపలికొచ్చి కూర్చునేదాకా నోరు విప్పలేదు. అదే మంచి సూచన కాదనుకుంది గువ్వ.

ఆయన బ్యాంకు మేనేజరు. ఫ్యాక్టరీ ఖాతా ఆయన బ్రాంచిలోనే ఉంది. గువ్వని ఈ చదువులో చేర్చిందీ ఆయనే. “ఇంజనీరింగ్ చదివితే మిషన్లకి నూనె రాస్తావు. ఫైనాన్స్ చదివావనుకో, మిషన్ల ఓనరు లేచి నీకు కుర్చీ వేస్తాడు” అని అప్పట్లో అన్నను ఊదరగొట్టి ఒప్పించాడు.

“అన్నయ్యా, మీ జనరల్ మేనేజరుతో మాట్లాడొచ్చాను,” అన్నాడు. “మంచి మనిషి. కోపం చల్లారింది. రేపు పొద్దున్నుంచి నువ్వు డ్యూటీకి రావచ్చన్నాడు.”

తల్లి గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుని ఊపిరి వదిలింది. తండ్రి కిటికీలోంచి చూపు తిప్పలేదు.

“ఊరికేనా?” అంది గువ్వ.

బాబాయి చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. టైపు చేసి ఉంది. ‘ఇది కేవలం విద్యార్థిగా చేసిన అభ్యాసం. అంకెలు సరిచూసుకోలేదు. నా పొరపాటు వల్ల సంస్థకు కలిగిన నష్టానికి చింతిస్తున్నాను.’ కింద గువ్వ పేరు, సంతకానికి ఖాళీ.

“నేను తప్పు చేశానని నేనే రాసివ్వాలా?”

“తప్పని ఎవరన్నారు? అభ్యాసం అన్నారు. ఆ మాటకి తేడా ఉంది.”

“ఆ తేడా మీకూ నాకూ తెలుస్తుంది బాబాయ్. రేపు ఉద్యోగమిచ్చేవాడికి తెలీదు. అంకెలు సరిచూసుకోలేదని సంతకం పెట్టినదానికి ఎవడైనా అంకెలు చూసే ఉద్యోగం ఇస్తాడా? ఆడిట్‌లో ఇస్తాడా, బ్యాంకులో ఇస్తాడా? మీరిస్తారా?”

“ఉద్యోగాలదేముందే, నేను లేనూ...”

“మీరిస్తారా అని అడుగుతున్నా.”

బాబాయి గొంతు పెంచాడు. “నాలుగేళ్లు చదివించిన తండ్రి పొట్ట కొట్టి పెద్ద ఉద్యోగం వెలగబెడతావా? అదేనా నేర్చుకున్నది?”

“నేర్చుకున్నది చెప్పమంటారా? స్టాకు చూపించి ఫ్యాక్టరీవాళ్లు మీ బ్రాంచిలో అప్పు తీసుకున్నారు. వార్షిక నివేదికలో నూట పన్నెండో పేజీలో ఉంది. ఆ అప్పు పాస్ చేసేముందు సరుకుని ఎవరు చూసొచ్చారు బాబాయ్?”

బాబాయి వదిన వైపు చూశాడు, అన్న వైపు చూశాడు, చివరికి తన చేతుల వైపు చూసుకున్నాడు.

“కాగితం ఇక్కడే పెడుతున్నా,” అన్నాడు లేస్తూ. “సాయంత్రం ఏడింటికి వస్తాను. వదినా, దానికి కాస్త నువ్వైనా చెప్పు.”

వెళ్లేటప్పుడు ఆయన అన్న భుజం మీద చెయ్యి వేశాడు. తండ్రి ఆ చేతిని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

*

యూనివర్సిటీలో కామర్స్ బ్లాకు మెట్ల పక్కన, ఉద్యోగాలొచ్చినవాళ్ల జాబితా పెట్టిన నోటీసు బోర్డు చుట్టూ మూగి ఉన్నారు. ఆడిట్ ఫర్ముకి ఆరుగురు, బ్యాంకు లోన్ల విభాగానికి నలుగురు, బీమా కంపెనీకి ఇద్దరు. ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ ఎదురుగా ఒక్కటే పేరు, గువ్వది. నిన్నటిదాకా ఆ పేరున్న పిల్ల అటుగా వెళితే భుజం తట్టేవాళ్లు. ఇవాళ దారి ఇచ్చారు.

ప్రొఫెసరు గదిలో ఒక కుర్చీ మీద పరీక్ష పేపర్లున్నాయి. ఆమె వాటిని తీసి కింద పెట్టి, గువ్వని కూర్చోమంది.

“నువ్వు రాకముందే చెప్పాలనుకున్నాను. నిన్నడిగి పంపాల్సింది. మంచి రిపోర్టు చూసి చాలా ఏళ్లయింది, ఆగలేకపోయాను. తప్పు నాదే.”

గువ్వ తిట్టాలనే వచ్చింది. ఆమె అంత సూటిగా ఒప్పేసుకునేసరికి తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తెలీలేదు.

“లెక్క తప్పని రాసిమ్మంటున్నారు మేడమ్.”

“తప్పా?”

“కాదు.”

“మొదటి ఏడాది క్లాసులో ఏం చెప్పాను? పుస్తకంలో ఉన్న ప్రతి అంకే ఎక్కడో ఒకచోట నేల మీద ఉండాలి. అనుమానమొస్తే వెళ్లి కళ్లతో చూడండి, అన్నాను. నువ్వు వెళ్లి చూశావా?”

“లేదు.”

“మీ నాన్న ఆ స్టోర్లోనే పనిచేస్తారు. ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఎందుకు అడగలేదు?”

గువ్వ తల దించుకుంది. ఈ ప్రశ్న ఇన్ని రోజులూ తనకి తాను కూడా వేసుకోలేదు.

“ఆయన ఏం చెబుతారోనని భయమేసింది మేడమ్.”

అంతలో గువ్వ ఫోను మోగింది. ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీలో తనని ఇంటర్వ్యూ చేసిన పెద్దావిడ. ఇంటర్వ్యూలో నవ్వుతూ మాట్లాడిన గొంతు ఇది కాదు.

“మీ నాన్నగారు ఆ ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరని మాకెందుకు చెప్పలేదు?”

“అడగలేదని... రిపోర్టుకి దానితో సంబంధం లేదండీ. అంతా అచ్చులో ఉన్న సమాచారమే.”

“నీకు సంబంధం లేదమ్మా. మాకు ఉంది. లోపలి మనిషి చెప్పిన రహస్యం పట్టుకుని మేం షేర్లు అమ్మామని రేపు ఎవరైనా కేసు పెడితే మా లైసెన్సు పోతుంది. మీ నాన్నకీ శిక్ష పడుతుంది. ఒక డిక్లరేషన్ మెయిల్ చేస్తున్నా. ఆ ఫ్యాక్టరీ వ్యవహారాలు మీ నాన్న నీకు ఎప్పుడూ, ఏ సందర్భంలోనూ చెప్పలేదని సంతకం పెట్టి, రేపు పొద్దున పదింటికల్లా తీసుకురా. చెప్పలేదుగా?”

“చెప్పలేదండీ.”

“అయితే భయం లేదు. ఉద్యోగం నీదే.”

ఫోను పెట్టేశాక గువ్వకి మూడు రోజుల్లో మొదటిసారి కాళ్ల కింద నేల ఉన్నట్టు అనిపించింది. ఈ కాగితంలో అబద్ధం లేదు. దీని మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టొచ్చు.

*

ఇల్లు చేరేసరికి ఆరయింది. తల్లి తలుపు తీసి, పెదవి మీద వేలు పెట్టింది.

“మధ్యాహ్నం భోంచేశాడు,” అంది గుసగుసగా. “తర్వాత నీ రిపోర్టు అడిగాడు. నీ బల్ల మీదున్న కాపీ ఇచ్చాను. అప్పట్నుంచి చదువుతూనే ఉన్నాడు. కళ్లజోడు కూడా తియ్యలేదు.”

గువ్వ ముందు గదిలోకి వెళ్లింది. తండ్రి ఒళ్లో రిపోర్టు తెరిచి ఉంది. బల్ల మీద బాబాయి పెట్టిన కాగితం అలాగే ఉంది. దాని పక్కన తను ప్రింటు తీసి తెచ్చిన డిక్లరేషన్ పెట్టింది.

“నాన్నా, దీని మీద సంతకం పెడితే చాలు. బాబాయి ఇచ్చినదాని మీద పెట్టను. నీ ఉద్యోగం సంగతి వాళ్ల మీద కోర్టుకెళ్లయినా...”

“నీ లెక్కలో ఒక తప్పుంది,” అన్నాడు తండ్రి.

మూడు రోజులు సరిగ్గా వాడని గొంతు బొంగురుగా ఉంది. పంపు పెట్టె కొలతలా? సెంటీమీటర్లకి బదులు అంగుళాలు వేసిందా? ఇంతమంది బతుకులు తలకిందులు చేసింది ఒక కూడిక పొరపాటా?

“ఏ పేజీ నాన్నా?”

ఆయన పేజీ తిప్పబోయి ఆగాడు. బల్ల మీది కొత్త కాగితాన్ని దగ్గరికి లాక్కుని చదివాడు. మెల్లగా, ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదివాడు.

“నేను నీకు ఏమీ చెప్పలేదని రాసుంది దీంట్లో.”

“అవును. చెప్పలేదుగా.”

“ఇప్పుడు చెబితే?”

గువ్వకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆయన ఇప్పుడు పెదవి విప్పితే ఆ కాగితం అబద్ధమైపోతుంది. ఒక్క నిమిషం ఆగమంటే చాలు. ముందు సంతకం పెట్టేసి తర్వాత వినొచ్చు. లేదా అసలు వినకుండా ఉండొచ్చు. ఇన్నాళ్లూ చేసింది అదే.

గుమ్మంలోంచి తల్లి అంది, “ఏమండీ, ఇప్పుడెందుకు? పిల్ల సంతకం పెట్టుకోనివ్వండి. రేపు మాట్లాడుకోవచ్చు.”

“రేపటికి నాకు ధైర్యం ఉండదు,” అన్నాడాయన.

గువ్వ చేతిలో పెన్ను ఉంది. దాన్ని కాగితం మీద కాకుండా పక్కన పెట్టింది. స్టూలు లాక్కుని ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుంది.

“చెప్పు నాన్నా.”

“మూడు షెడ్లూ కలిపి పట్టదని రాశావు. మూడో షెడ్డు కొలతలు ఎక్కడివి?”

“వార్షిక నివేదికలో ఉన్నాయి. ఐదేళ్ల కిందట కట్టారని.”

“కట్టలేదు.” ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “పునాది తవ్వారు. వానకి నీళ్లు నిలిచాయి. మట్టేసి పూడ్చేశారు. ఆ చోట ఇప్పుడు మేనేజర్ల కార్లు పెడతారు. మూడో షెడ్డు లేదమ్మా. అదీ నీ తప్పు. లేని షెడ్డుని కలుపుకుని లెక్కేశావు.”

“మరి అందులో సరుకు ఉన్నట్టు...”

“నేనే సంతకం పెట్టాను. ఏడాదికి ఒకటి. ఐదు. మొదటిసారి, షెడ్డు ఎలాగూ వస్తుంది, ముందు పెట్టు, అన్నారు. రెండోసారి వద్దందామంటే, అప్పటికే మొదటి సంతకం పెట్టేసి ఉన్నాను. ఆ ఏడే నిన్ను యూనివర్సిటీలో చేర్చాను. సెలవు రోజున వచ్చే ఆడిటరుకి కాఫీ ఇచ్చి, మూడో షెడ్డు తాళాలు కనబడట్లేదని చెప్పేవాణ్ణి. ఆయన కూడా గట్టిగా వెతకమనలేదు.”

“నా ఫీజుల కోసమా నాన్నా?” అని అడిగింది. అడిగాక ఆ మాట వెనక్కి లాక్కోవాలనిపించింది.

“కాదు. అలా అనుకుంటే మొయ్యడం సులువని నేనూ ఇన్నాళ్లూ అలాగే చెప్పుకున్నాను. నిజం చెబితే, భయం. కుర్చీ పోతుందని భయం. అంతే. నిన్ను దాంట్లోకి లాగకు.”

గువ్వ ఆయన చొక్కా జేబు మీది కంపెనీ పేరు చూసింది. తర్వాత డిక్లరేషన్ ముందుకి లాక్కుంది. ‘ఎప్పుడూ, ఏ సందర్భంలోనూ’ అన్న మాటల మీద ఒక గీత గీసింది. దాని కింద తన చేత్తో రాసింది.

“ఏం రాస్తున్నావే?” తల్లి గుమ్మంలోంచే అడిగింది. “పిల్లా, ఏం రాస్తున్నావు?”

గువ్వ తండ్రికి మాత్రమే వినబడేలా చదివింది. “రిపోర్టు ఇచ్చేనాటికి మా నాన్న నాకు ఏమీ చెప్పలేదు. ఇవాళ చెప్పారు.” తలెత్తి చూసింది. “ఇది ఇస్తే ఏం చెప్పారని అడుగుతారు నాన్నా. నాకు ఉద్యోగం ఉండదు. నిన్ను... నీ దగ్గరికి పోలీసులు రావచ్చు. నువ్వు వద్దంటే ఇప్పుడే చింపేస్తాను. నిజంగా చింపేస్తాను.”

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆయన వద్దంటే చింపేసేది.

తండ్రి కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆమె రాసిన రెండు వాక్యాలనూ చదివాడు. మళ్లీ చదివాడు. ఇరవై ఆరేళ్లుగా లోపలికొచ్చే ప్రతి లారీ కాగితాన్నీ చూసిన చూపుతోనే చూశాడు.

“తేదీ వేశావు,” అన్నాడు. “టైమ్ కూడా వెయ్యి.”

గోడ గడియారం ఆరూ యాభై చూపిస్తోంది. గువ్వ అదే వేసింది. సంతకం పెట్టింది. సిరా ఆరకముందే బయట కారు ఆగింది.

బాబాయికి స్కూటరే ఉంది. కారు లేదు.

తల్లి కిటికీ తెర ఓరగా జరిపి చూసి, చప్పున వదిలేసింది. “మీ జనరల్ మేనేజరు,” అంది. “మీ తమ్ముడి వెనకే ఉన్నాడు. ఇంకెవరో కూడా ఉన్నారు, చేతిలో ఫైలుంది. ఏమండీ, నా మాట వినండి. ఆ కాగితం దాచెయ్యండి. ఇంట్లో లేరని చెబుతాను.”

గంట మోగింది. ఆగి, మళ్లీ మోగింది.

గువ్వ లేవబోయింది. తండ్రి ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. కాగితాన్ని మడవలేదు, దాచలేదు. బల్ల మీద, వచ్చేవాళ్లకి కనబడేలా వదిలేశాడు.

“నా కోసం వచ్చారు,” అన్నాడు. “నేనే తీస్తాను.”